మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా

మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేసినవాళ్లను అడగండి, రోజులో అన్నిటికన్నా పొడవైన సమయం ఏదని. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా అంటారు. డాక్టర్లు పొద్దుటి ఓపీ ముగించి భోజనానికి వెళ్తే మళ్లీ సాయంత్రం గానీ క్లినిక్‌కు రారు. మెడికల్ షాపాయన కౌంటరు మీదే తలవాల్చి కునుకు తీస్తుంటాడు. లాడ్జికి పోదామంటే కరెంటు ఉండదు. ఆ నాలుగు గంటలు ఏం చేయాలో కంపెనీ ట్రైనింగులో ఎవరూ చెప్పరు.

నేను ఎనభైల చివర్లో నల్లగొండ హెడ్‌క్వార్టరుగా ఉద్యోగంలో చేరాను. సూర్యాపేట, మిర్యాలగూడ, నకిరేకల్, దేవరకొండ ఎక్స్‌స్టేషన్లు, అంటే పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలి. పాలమూరు, వనపర్తి, గద్వాల, నారాయణపేట అవుట్‌స్టేషన్లు, రాత్రి బస, డీఏ (రోజువారీ భత్యం) కాస్త ఎక్కువ. ఇప్పుడవి ఎన్నో జిల్లాలయ్యాయి గానీ అప్పుడు రెండే. చేతిలో తోలు బ్యాగు, అందులో శాంపిళ్లు, మెడలో టై. మే నెలలో దేవరకొండ బస్టాండులో టై కట్టుకుని నిలబడ్డవాణ్ని చూసి జనం జాలిపడేవాళ్లు.

ఈ పనిలో ఒక చిత్రం ఉంది. పోటీ కంపెనీల వాళ్లమే అయినా ఒకే బస్సెక్కి, ఒకే లాడ్జిలో దిగి, ఒకే డాక్టరు వరండాలో వరుసగా కూర్చునేవాళ్లం. లోపలికి వెళ్లి ఒకరి మందును ఒకరు తీసిపారేసి, బయటికొచ్చి ఒకే సిగరెట్టు పంచుకునేవాళ్లు మా సీనియర్లు. వాళ్లలో ఒకాయన, నకిరేకల్ పక్క పల్లె మనిషి, మా అందరికంటే పదేళ్లు పెద్ద. అందరం 'అన్నా' అనేవాళ్లం. ఆయన టూరు డైరీలో ప్రతి ఊరికీ డాక్టర్ల పేర్ల కింద వేరే రెండు పంక్తులు ఉండేవి. ఒకటి ఆ ఊళ్లో చూడాల్సిన పాత గుడో కోటో. రెండోది మండువ.

మండువ అంటే మా వైపు కల్లు అమ్మే చోటు. సారా దుకాణం వేరు, వైన్‌షాపు వేరు. ఊరి బయట తాటివనానికి దగ్గరగా, నాలుగు వేపచెట్ల నీడన, ఒక పాక, కుండలు, చుట్టూ జనం. గోడలూ ఉండవు, పేరు రాసిన బోర్డూ ఉండదు.

అన్న నన్ను మొదట తీసుకెళ్లింది పానగల్లుకు. నల్లగొండ పొలిమేరలోనే, సైకిల్ మీద పోవచ్చు. కందూరు చోడుల కాలంలో రాజధానిగా వెలిగిన ఊరు. ఉదయసముద్రం చెరువు ఉంది, పచ్చల సోమేశ్వరాలయం ఉంది, దాని పక్కనే మ్యూజియం. వాటన్నిటికన్నా ఛాయా సోమేశ్వరాలయం గొప్పది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా నీడ మాత్రం తిరగదు. బయటి స్తంభాల మీద పడి లోపలికి చెదిరివచ్చే వెలుతురే దానికి కారణమని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు ఆ గుడి పొలాల మధ్య పాడుబడి ఉండేది. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే మేమిద్దరం, రెండు మేకలు, నీడ. అన్న తన చేయి అడ్డంపెట్టి ఏ స్తంభం నీడో పట్టుకోవాలని ప్రతిసారీ చూసేవాడు. ఎన్నడూ పట్టుకోలేదు.

అక్కణ్నుంచి గట్టు మీదుగా నడిస్తే తాటిచెట్లు. గీసే తాత అప్పుడే దిగుతున్నాడు. నడుముకు ముస్తాదు అనే పట్టీ, కాళ్లకు గుజి అనే తాడు, చెట్టు చుట్టూ మోకు అనే లావుపాటి తాడు. లొట్టి, అంటే కల్లుకుండ, పట్టుకుని అంత ఎత్తు నుంచి దిగుతూ నన్ను, నా టైని చూసి అడిగాడు:

"ఏం సారూ, బ్యాంకు లోనుకు వచ్చినవా?"

"కాదు తాతా, మందుల కంపెనీ."

"అట్లనా. మనదీ మందే. కూసో."

రేకలో కల్లు తాగడం నాకదే మొదలు. తాటాకును దోనెలా మడిచి రెండు చేతులా పట్టుకోవాలి. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగితే తాత లొట్టి వంచి పోస్తుంటాడు. మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే చొక్కా మీద పోతుంది. ఈగలు, చీమలు పడి ఉంటాయి, నురగతో పాటు ఊదేయాలి. తియ్యగా, కొంచెం పుల్లగా, పచ్చి తాటాకు వాసనతో గొంతులోకి దిగుతుంది. "పొద్దుగూకినంక తాగితె గుంజుతది. ఇప్పుడైతె కమ్మగుంటది" అన్నాడు తాత.

అది నిజమే, దాని వెనక లెక్క కూడా ఉంది. గెల కోసిన చోట కారే నీరు కారేటప్పుడు ఉత్త తీపి నీరే, దాన్నే నీరా అంటారు. గాలిలోని, కుండలోని ఈస్టు పడగానే పులవడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో బీరంత మత్తు వస్తుంది. ఇంకా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పులిసి వెనిగర్ దారి పడుతుంది. అందుకే నీరాకు లొట్టి లోపల సున్నం పూస్తారు, కల్లుకు పూయరు. గీసేవాడు పొద్దునా సాయంత్రమూ చెట్టెక్కి గెలను పలచగా చెక్కాలి. ఒక్కరోజు మానితే కోసిన చోటు ఎండిపోతుంది. పండగ లేదు, పెళ్లి లేదు, చెట్టెక్కాల్సిందే. వానాకాలంలో పాచిపట్టిన చెట్టు మీది నుంచి పడి నడుము విరిగినవాళ్లను నేను ఎముకల డాక్టర్ల వరండాల్లో ఎంతోమందిని చూశాను. నొప్పిమాత్రలు మా కంపెనీవే.

ఆ తర్వాత ఏళ్లలో పని, తిరుగుడు ఒకటైపోయాయి. దేవరకొండలో పొద్దుటి కాల్స్, అంటే డాక్టర్లను కలవడం, అయ్యాక కోట. పద్మనాయకుల కాలం కోట, ఏడు గుట్టలను కలుపుకుని కట్టారు. పైకి పోతే ముళ్లకంపలు, సీతాఫలం పొదలు. సీజన్లో అక్కడి సీతాఫలాలు తింటే మధ్యాహ్నం భోజనం ఖర్చు మిగిలేది. సూర్యాపేట వెళ్తే పిల్లలమర్రి. రేచర్ల రెడ్లు కాకతీయుల సామంతులుగా ఉండి కట్టించిన గుళ్లు అక్కడ ఉన్నాయి. ఎరకేశ్వరాలయం శాసనం 1208 నాటిది. పాలమూరులోనూ పిల్లలమర్రి ఉంది గానీ అది చెట్టు. ఎకరాల కొద్దీ ఊడలు పరుచుకున్న మర్రి. దాని కింద కూర్చుని డైలీ రిపోర్టులు రాసుకున్న రెప్పులు (మెడికల్ రిప్రజెంటేటివ్‌లు) మా తరంలో చాలామంది. 2018లో దానికి చెదలు పట్టిందని కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. పేపర్లో ఆ ఫొటో చూసి మా గ్రూపులో ఒకడు "ఎవరి కంపెనీ ఐవీ సెట్టురా?" అని రాశాడు.

నకిరేకల్ మండువ మాత్రం వేరే లోకం. అక్కడ మధ్యాహ్నాలు గడిపితే జిల్లా చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఒకవైపు ఒకామె బొబ్బర గుడాలు, శనగ గుడాలు ఉల్లిగడ్డ చల్లి అమ్మేది. ఇంకొకామె బాణలిలో చేపముక్కలు. ఆదివారమైతే బోటి. ముసలివాళ్లు ఒక మూల. 1946 నుంచి 51 దాకా సాగిన సాయుధ పోరాటంలో గుట్టల్లో తిరిగినవాళ్లు, కనీసం తిరిగామని చెప్పుకునేవాళ్లు. రెండో రేకకు దళంలో ఉండేవాళ్లు, నాలుగో రేకకు దళానికి కమాండర్ అయ్యేవాళ్లు. అయినా మధ్యలో నిజాలు దొర్లేవి. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడవడం గురించి, వెట్టికి పట్టుకుపోయిన తండ్రి గురించి చెప్పేటప్పుడు గొంతు మారేది. నిజాం కాలపు ఆబ్కారీ, అంటే కల్లు సారాల పన్ను, గురించీ వాళ్లే చెప్పారు. సర్కారుకు వచ్చే ఆదాయంలో కల్లు, సారాలది పెద్ద వాటా. కాంట్రాక్టరు పాట పాడుకుని దుకాణాలు నడిపేవాడు. గీసేవాడికి దక్కేది కూలే, చెట్టుకు రఖం, అంటే పన్ను, కట్టేది ఉండనే ఉంది.

మండువలో కులం లేదు, అందరూ ఒక్కటే అని కొందరు తీపిగా రాస్తుంటారు. నేను ఒప్పుకోను. చాలా చోట్ల దళితులు కాస్త ఎడంగా కూర్చునేవాళ్లు, వాళ్ల ముంతలు వేరుగా ఉండేవి. ఇది నేను కళ్లారా చూసిందే. ఆడవాళ్లు అమ్మడానికి వచ్చేవాళ్లు, కూలి నుంచి వచ్చిన పెద్దవయసు వాళ్లు కూర్చుని తాగేవాళ్లు కూడా. ఆ విషయంలో మాత్రం పట్నం బార్ల కంటే అదే నయం.

సాయంత్రం కాల్స్ ఉంటాయి కాబట్టి మాకో కట్టుబాటు ఉండేది. రెండు రేకలు, అంతే. తర్వాత సోడా, సోంపు, ముఖం కడుక్కోవడం. అంత చేసినా ఒకసారి నల్లగొండ ప్రకాశం బజారులో ఒక డాక్టరు గారు నేను కొత్త యాంటీబయాటిక్ గురించి చెబుతుంటే ముక్కు ఎగబీల్చి, "పోద్దాడుదా, పండుదాడుదా?" అని అడిగారు. మగ తాటిదా, కాయ కాసే ఆడ తాటిదా అని. నాకు నోట మాట రాలేదు. "మళ్లొచ్చేటప్పుడు ఒక సీసా తేవయ్యా, మీ శాంపిళ్లతో నాకేం పని" అన్నారు. ఆ నెల ఆయన రాసిన చీటీలు మా మేనేజరుకే ఆశ్చర్యం.

సీసా తేవడం అంత తేలిక కాదు. కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది, గ్యాసు పుడుతూనే ఉంటుంది. మూత బిగిస్తే పేలుతుంది. తాటాకు ముక్కనో గుడ్డపేలికనో కుక్కి తేవాలి. ఈ సంగతి తెలియని మా తోటి రెప్పు ఒకడు, గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, సెలైన్ సీసాలో పోసి రబ్బరు బిరడా గట్టిగా బిగించాడు. నార్కట్‌పల్లి దాటాక బస్సులో 'ఢాం' అంది. పై అరలోంచి నురగ కారి ముందు సీట్లో పెళ్లికి పోతున్న ఆవిడ పట్టుచీర మీద పడింది. కండక్టరు మమ్మల్ని చిట్యాలలో దింపేశాడు. టై, తోలు బ్యాగు, ఒళ్లంతా కల్లు వాసనతో ముగ్గురం రోడ్డు మీద నిలబడితే లారీవాడు కూడా ఆపలేదు.

పాలమూరు కథ వేరు. ఆ వైపు ఈతచెట్లు ఎక్కువ. తాటికి గెల చెక్కితే, ఈతకు మొవ్వు కింద మానునే చెక్కుతారు. ఒక ఏడు ఈ పక్క, మరో ఏడు ఆ పక్క. అందుకే పాత ఈతమాను వంకరటింకర మెట్లలా ఉంటుంది. ఎన్నేళ్లు గీశారో ఆ గాట్లు లెక్కపెట్టి చెప్పేవాళ్లు అక్కడి పెద్దలు. మంచి ఈతకల్లు తాటికల్లు కంటే తియ్యగా ఉంటుందని నా అభిప్రాయం. నకిరేకల్ అన్న చనిపోయేదాకా ఈ మాట ఒప్పుకోలేదు.

కానీ పట్నాల్లో సీసాల్లో పోసి అమ్మే కల్లు కాంపౌండ్లు వచ్చాక చెట్టుకూ కల్లుకూ సంబంధం తెగిపోతూ వచ్చింది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, తర్వాత ఆల్ప్రాజోలం. మందుల మనిషిని కదా, నాకు అది తాగేవాళ్లందరికన్నా బాగా అర్థమయ్యేది. చీటీ లేకుండా అమ్మకూడని నిద్రమందులు చక్కెర నీళ్లలో కలిసి కూలివాళ్ల కడుపుల్లోకి పోతున్నాయి. అలవాటుపడ్డ మనిషికి ఒకరోజు ఆ కల్లు అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, పిచ్చిమాటలు, ఫిట్స్. పాలమూరు డాక్టర్లు మాటల్లో చెప్పేవాళ్లు, ఫలానా కాంపౌండు మూతపడ్డ మర్నాడు ఓపీ ఎలా నిండిందో. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా పడినప్పుడు పాలమూరు, నిజామాబాద్ ఆసుపత్రుల్లో అదే జరిగింది. మనుషుల్ని మంచాలకు కట్టేసిన ఫొటోలు వచ్చాయి. నేనైతే పాలమూరు పట్నంలో సీసా కల్లు ఎన్నడూ ముట్టలేదు. పల్లెకు పోయి, చెట్టు మీంచి దించుతుంటే చూసి తాగడమే.

గద్వాల టూరంటే నాకు ప్రాణం. రైలు దిగితే కోట దగ్గరే. సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి, ఇప్పుడు డిగ్రీ కాలేజీ కూడా. పొద్దున కాల్స్, మధ్యాహ్నం నేతగాళ్ల ఇళ్లు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టు అంచును నూలు చీరకు ఎలా కలుపుతారో గంటలకొద్దీ చూసేవాణ్ని. మా ఆవిడకు కొన్న మొదటి గద్వాల చీర డీఏ డబ్బులదే. ఆలంపూరు మాత్రం నేను ఒక్కణ్నే వెళ్లేవాణ్ని. ఏడో శతాబ్దపు బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. ఆ రోజు కల్లు లేదు, తోడు లేదు. అన్నకు ఆలంపూరు నచ్చేది కాదు, "గుడులెక్కువ, చెట్లు తక్కువ" అనేవాడు.

1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. బార్లు, బ్రాందీ షాపులు మూసేశారు. కల్లుకు ఆ నిషేధం లేకపోవడంతో మండువలకు కొత్త మొహాలు వచ్చాయి. ఇస్త్రీ చొక్కాల ఆఫీసర్లు, లాయర్లు రేక పట్టడం రాక మీద పోసుకుంటుంటే చూడాలి. నారాయణపేట, మక్తల్ టూర్లకు అప్పటిదాకా ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. నిషేధం వచ్చాక మా రెప్పులంతా ఆ టూరు కావాలని మేనేజర్లను బతిమాలారు. కృష్ణ దాటితే రాయచూరు, అక్కడ అన్నీ తెరిచే ఉంటాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ మర్నెల నుంచి నారాయణపేట డాక్టర్లకు మా దర్శనాలు తగ్గిపోయాయి.

మీటింగులకు బొంబాయి వెళ్లేవాళ్లం. అక్కడ కొలాబాలో లియోపోల్డ్ కేఫ్‌కు మా బాంబే వాళ్లు తీసుకెళ్లారు. 1871లో ఇరానీలు పెట్టింది. వంటనూనెల కొట్టుగా మొదలై, కేఫ్ అయ్యి, బార్ అయ్యింది. బెల్జియం రాజు పేరు పెట్టుకున్నారు. ఎత్తైన కప్పు, ఫ్యాన్లు, విదేశీయులు, పొడుగు గాజు గొట్టంలో బీరు. 1871 అని బోర్డు మీద రాసుకున్నందుకు అందరూ దాన్ని చారిత్రకం అంటుంటే నాకు నవ్వొచ్చింది. గీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లు మీద, ఆ వెంటనే భువనగిరి మీద పడి కోటల్ని వణికించాడు. అప్పటికే మా దగ్గర మండువలు ఎన్ని తరాలవో. బోర్డే లేనప్పుడు సంవత్సరం ఎక్కడ రాస్తారు? అయినా లియోపోల్డ్ నాకు నచ్చింది, అబద్ధమెందుకు. ఎవరు ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. 2008 నవంబరు 26 దాడి తర్వాత మళ్లీ వెళ్లాను. గోడల మీద తూటా గుంతలు అలాగే ఉంచారు. నాలుగు రోజుల్లోనే తలుపులు తెరిచారట. పక్క బల్ల మీద కుర్రాళ్లు పుట్టినరోజు పాట పాడుతున్నారు. ఆ రాత్రి నేను బీరు పూర్తి చేయలేదు.

ఇప్పటి రెప్పుల పని చూస్తే జాలేస్తుంది. ఫోనులో యాప్, డాక్టరు గుమ్మంలో నిలబడే రిపోర్టు కొట్టాలి, ఎక్కడున్నాడో పైవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. రెండు నుంచి ఆరు దాకా ఆన్‌లైన్ మీటింగులు. మా మేనల్లుడు అదే పనిలో ఉన్నాడు. నల్లగొండలోనే మూడేళ్లుగా తిరుగుతున్నా ఛాయా సోమేశ్వరం చూడలేదన్నాడు. నకిరేకల్ పాత మండువ ఉన్నచోట ఇళ్లొచ్చాయి. హైవే నాలుగు వరుసలైంది, దాని పక్కన ప్లాస్టిక్ సీసాల్లో కల్లు అమ్ముతున్నారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో సర్కారే నీరా కేఫ్ పెట్టింది. నేనూ వెళ్లాను. చల్లగా, శుభ్రంగా, గ్లాసులో ఇచ్చారు. బాగానే ఉంది.

మొన్న మేనల్లుడు ఫోన్ చేసి, వాళ్ల కంపెనీ ఆర్.ఎం. (రీజనల్ మేనేజరు) మద్రాసు నుంచి వస్తున్నాడని, ఆయనకు 'ఒరిజినల్' కల్లు కావాలట, ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగాడు. ఆదివారం వద్దు, రద్దీ. చలికాలం నడుస్తోంది కాబట్టి పోద్దాడు కల్లు దొరుకుతుంది. హైవే పక్కన ఆగొద్దు. నకిరేకల్ నుంచి లోపలి పల్లెలకు పొండి, చెట్టుకు మోకు కనిపిస్తే ఆగి, గీసేవాళ్లు దిగేదాకా నిలబడండి. వాళ్లను పేరు పెట్టి పిలవకు, 'గౌడన్నా' అను. బేరం ఆడొద్దు. మీ సార్‌ను తెల్లచొక్కా వేసుకు రావద్దని చెప్పు. ఫోన్ కారులో పెట్టి రండి, ఎవరైనా అడిగితే సిగ్నల్ లేదని చెప్పండి, అక్కడ నిజంగానే ఉండదు.